దుబాసీ నోటి మాట

బోధకుడు సముద్రం దాటొచ్చి ఏళ్లు గడిచినా ఆ ఊరి భాష ఆయన నాలుకకు పట్టలేదు పాపం. దేవుడి సంగతి చెప్పాలన్నా, దాహమేసి నీళ్లడగాలన్నా దుబాసీయే దిక్కు. ఆమె ఓడల దగ్గర పెరిగి ఆయన భాష నేర్చుకుంది. తల్లీదండ్రీ లేని తమ్ముణ్ణి ఒంటిచేత్తో సాకింది.

ఆ తమ్ముడున్నాడే, బాప్తిస్మం పుచ్చుకున్న ఊపులో వెళ్లి రేవులో పడవవాళ్లు కొలిచే దేవత విగ్రహం ముక్కు చెక్కేశాడు. ఎవడు చెక్కమన్నాడురా నిన్ను! పడవవాళ్లు ఊరుకుంటారా? వాడి కాళ్లు కట్టి పాడుబావిలోకి తలకిందులుగా వేలాడదీశారు. నలుగురు మోకు పట్టుకుని నిలబడ్డారు.

దుబాసీ రేవు పెద్ద కాళ్ల మీద పడింది.

"చిన్నవాడయ్యా, బుద్ధి గడ్డితిని చేశాడు."

"మీ గురువు మహానుభావుడని ఊరంతా చెప్పుకొస్తున్నావుగా? ఆయన్నే పిలు. ఆయనేమంటే అదే," అన్నాడు పెద్ద.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి, చంపమంటాడా? పరుగున వెళ్లి ఆయన్ని తీసుకొచ్చింది. ఆయన బావిలోకి తొంగిచూశాడు. తన భాషలో ఒక్క మాట అన్నాడు, క్షమించమని.

ఎక్కడ ఆలస్యమవుతుందోనని దుబాసీ గొంతు చించుకుని అరిచింది.

"వదిలేయమన్నారు! వదిలేయండి!"

వదిలేశారు.

మోకు బావి గట్టును రాసుకుంటూ బరబరా పోయింది. క్షమించమన్నారంటే సరిపోయేది. పైకి లాగమంటే సరిపోయేది. ఇంత భాషలో నీకా మాటే దొరికిందా తల్లీ!

సొంత శిష్యుణ్ణే కనికరించని గురువును చూసి పడవవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. దేవుడంటే ఇలా ఉండాలని ఒకరి వెనక ఒకరు ఆయన కాళ్ల మీద పడ్డారు.

"నా మాట సరిగ్గా చెప్పావా అమ్మా?" అని ఆయన ఏడుస్తూ అడిగాడు.

"అక్షరం పొల్లుపోకుండా చెప్పాను," అంది.

ఊరంతా బాప్తిస్మం పుచ్చుకుంది. ఆయన పోయాక పునీతుడని గుడి కట్టారు. పగవాడి చావు కోరేవాళ్లంతా అక్కడికొచ్చి కొవ్వొత్తి వెలిగించి, ఆయన ఆ రోజు అన్న పరాయి మాటనే జపించేవాళ్లు. దుబాసీ అక్కడే ఊడుస్తూ రోజూ వినేది. దానర్థం ఒక్కరికీ చెప్పలేదు. చెబితే తమ్ముణ్ణి చంపింది స్వామి తీర్పు కాదని, తన నోరేనని ఒప్పుకోవాలి మరి.