కూర్మమ్మ ఎడమ చెయ్యి

మలయాలోని ఆ రబ్బరు తోటలో తెల్లారి ఐదున్నరకి పెరట్టు. అంటే హాజరు పిలుపు. లెక్కలు రాసే కిరాణీ సన్యాసి పుస్తకం తెరిచి పేర్లు చదువుతుంటే, నిద్ర తీరని జనం వరసగా నిలబడి పలుకుతారు. ఆ తరవాత బెరడు గీసే గీత కత్తులూ బాల్చీలూ పట్టుకుని ఆడా మగా చెట్లలోకి పోతారు. కూలీల ఇళ్ళ వరసల్లో, అదే లైన్లలో, మిగిలేది చంటిపిల్లలు, జ్వరపడ్డవాళ్ళు, కూర్మమ్మ.

కూర్మమ్మ మంత్రసాని. చింతపండు పిసకాలన్నా, పొయ్యిలో కట్టె ఎగదొయ్యాలన్నా ఆవిడకి కుడిచెయ్యే. ఎడమ చెయ్యి మాత్రం పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఆ పిడికిట్లో తోటలో పుట్టిన పిల్లల తొలి ఏడుపులుంటాయి. ఆవిడ పట్టిన ప్రతి బిడ్డ మొదటి ఏడుపూ, ఆ గడియలో చుట్టూ ఉన్న గోలతో సహా, అందులోకి చేరి ఉండిపోతుంది. మూడువందల పైచిలుకు ఉన్నాయని లెక్క. సెగ తగిలితే లేస్తాయని ఆ చేత్తో పొయ్యి ముట్టదు, అంతే.

ఎవరైనా పోయినప్పుడు శవం చెవి దగ్గర ఒక వేలు విప్పుతుంది. వాళ్ళ ఏడుపు ఒక్కసారి వినబడి వెళ్ళిపోతుంది. అది వింటేగాని పోయినవాళ్ళకి దారి తెలీదు. హిందువులకీ అంతే, క్రైస్తవులకీ అంతే. బటాంగ్ బెర్జుంటై ఊరి నుంచి వచ్చే ఫాదరు కూడా కూర్మమ్మ పని అయ్యేదాకా ప్రార్థన పుస్తకం మూసుకుని ఓ పక్కన నిలబడతాడు. కిందటేడు ముత్యాలు మొగుడు పాము కరిచి పోతే, ఏడుపుతోబాటు వాడి నాయన "మల్లీ గుంటడేనా? సర్లే, కల్లు తెండ్రా" అని అరవడం కూడా వినబడింది. ముత్యాలు అంత ఏడుపులోనూ నవ్వేసింది పాపం.

ఇక కాథరిన్ సంగతి. తోటలో అందరూ కాతమ్మ అనే పిలుస్తారు. సాలమన్ కూతురు. తల్లి సెలీనా ఈ పిల్లని కన్న పూటే పోయింది. పిల్లకి పదేళ్ళప్పుడు ఫాదరు క్లాంగ్ పట్నం తీసుకుపోయి మిషన్ బడిలో వేశాడు. ఆ బడి మీద ఇంకో గది కట్టి, ఇంకో క్లాసు పెట్టి, దాన్ని కాలేజీ అంటారు మిషన్ వాళ్ళు. కాతమ్మ అదీ చదివేసింది. ఇక అక్కడ చదవడానికేం మిగల్లేదు. సింగపూరులో డాక్టరు చదువు చెప్పే పెద్ద కాలేజీ ఉంది. పరీక్ష రాస్తే మలయా మొత్తం మీద నలభై మందిని తీసుకుంటారు. కాతమ్మ రాసింది, నెగ్గింది. రబ్బరు పాలు మోసినవాడి కూతురు, అందులోనూ ఆడపిల్ల! తోట తోటంతా రెండు రోజులు నోరు తెరుచుకుని ఉండిపోయింది.

అయితే ఒక మెలిక ఉంది. ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళని ఆ కాలేజీలో చేర్చుకోరు. పుట్టినరోజు కాగితం చూపించాలి, అది లేకపోతే పుట్టినచోటి దొర చేత రాయించి పంపాలి. తల్లి పోయిన ఆ గందరగోళంలో కాతమ్మ పుట్టుక ఎక్కడా రాయించలేదు. ఉన్నది ఒక్క తోట హాజరు పుస్తకం. దాని ప్రకారం ఆమెకి ఇరవై రెండు. నిజానికి పద్దెనిమిది.

ఆ నాలుగేళ్ళూ ఎక్కణ్ణించి వచ్చాయంటారా? ఆ తప్పు సాలమన్‌దే. పిల్లకి ఆరేళ్ళప్పుడు కూలీల పిల్లల్ని చూసే ఆయా కొట్టంలో వదిలితే జ్వరం తగిలి చావు తప్పి బయటపడింది. పేరు పుస్తకంలో ఉంటే పిల్లని చెట్లలోకి తనతోపాటు తీసుకుపోవచ్చు, పాలు పట్టే కప్పులు తుడిపించుకుంటూ కళ్ళముందే పెట్టుకోవచ్చు. కానీ పదేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని సర్కారు రూలు. అందుకని సన్యాసిని బతిమాలి "పదేళ్ళు" అని రాయించాడు. తోటలో సగంమంది పిల్లల వయసులు అలాంటివే. కన్నప్రేమ అలా కూడా ఉంటుంది మరి. అది ఇప్పుడొచ్చి పీక పట్టుకుంది.

కాతమ్మ ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళింది. తోట దొర రెండుసార్లూ ఒకటే మాట అన్నాడు, "పుస్తకం ఏం చెబితే నేను అదే రాస్తాను." ఆయన భయం ఆయనది. పద్దెనిమిదని రాసి సంతకం పెడితే, ఆరేళ్ళ పిల్ల చేత పని చేయించామని తన చేత్తో తను ఒప్పుకున్నట్టే.

కాగితం సోమవారానికి సింగపూరు చేరాలి. ఆ శుక్రవారం ఒంటిగంటకి, పొగకొట్టంలో పొగ పట్టించి ఆరబెట్టిన రబ్బరు షీట్ల లారీ టపా తీసుకుని క్లాంగ్ వెళుతుంది. అది తప్పితే మళ్ళీ మంగళవారమే.

శుక్రవారం పదకొండున్నరకి కాతమ్మ కూర్మమ్మ గుమ్మంలో కూలబడింది. పాలు తూకానికి ఇచ్చి సాలమన్ కూడా వచ్చాడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మామ్మా, నా ఏడుపు ఇప్పు" అంది కాతమ్మ.

కూర్మమ్మ తమలపాకు నమలడం ఆపింది. "బతికుండగా ఎవులికీ ఇప్పలేదే గుంటా."

"నాను పుట్టినప్పుడు పొగకొట్టం కాలిపోయిందని నువ్వే సెప్పినావు కదా. ఆ గోల అందులో ఉంటాది. దొర ఇంటాడు. అదెప్పుడు కాలిందో ఆఫీసు కాయితాల్లో ఉండదా?"

"ఉంటాది. కానీ ఒకసారి ఇప్పితే మరి లేదు. రేపు నువ్వు పోయిననాడు నీ సెవిలో ఏటి ఇనిపిస్తారు?"

"సచ్చిననాటి మాట సచ్చిననాడు సూసుకుంటాను మామ్మా. ముందు బతకాలి కదా నాను!"

సాలమన్ ఉన్నట్టుండి అరిచాడు. "వద్దు! డాక్టరూ వద్దు, ఏటీ వద్దు. క్లాంగ్‌లో టీచరమ్మవైతే సాల్దా? మీ అమ్మ ఈ తోటలో పుట్టినది కాదు. ఏడుపు ఇనకండానే ఎల్లిపోనాది. నువ్వూ అలాగే పోతావా?"

వాడు అంత గొంతు ఎత్తడం కాతమ్మ ఎప్పుడూ చూడలేదు. కూర్మమ్మ మాత్రం వాడి మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత కాతమ్మ వైపు తిరిగింది.

"నీ సెవిని పడకూడనివి కూడా వత్తాయి. మల్లీ నన్ను అనకు."

"అనను."

"అయితే పద. బేగి."

ఆఫీసులో దొర అప్పుడే టోపీ పెట్టుకుని భోజనానికి లేస్తున్నాడు. గోడ గడియారం పన్నెండూ పది. మూల బల్ల దగ్గర సన్యాసి టపా సర్దుతున్నాడు. బయట లారీకి షీట్లు ఎక్కిస్తున్నారు. ముగ్గుర్నీ చూసి దొర మొహం చిట్లించాడు. ఇరవై ఏళ్ళ కిందట చిన్నదొరగా వచ్చి ఇక్కడే పెద్దదొర అయినవాడు. కూలీలతో తమిళమే మాట్లాడతాడు.

"మళ్ళీ ఇదేనా? చెప్పాను కదా, పుస్తకం."

"పుస్తకం నోరు మీరు ఇన్నారు దొరా" అంది కూర్మమ్మ, తనకి వచ్చిన తమిళంలో. "ఈ పిల్ల నోరు కూడా ఓపాలి ఇనండి."

దొర చూపు ఆవిడ ఎడమ చేతి మీద పడింది. ఏమనుకున్నాడో టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. సాలమన్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రాలేదు.

కూర్మమ్మ కాతమ్మని దగ్గరికి లాక్కుని, చిటికెన వేలు విప్పింది.

ముందు ఏడుపు వచ్చింది. సన్నగా, కోపంగా, గుక్క తిప్పుకోకుండా. దాని వెనక పెళపెళమని మంటల చప్పుడు. "పొగకొట్టం! పొగకొట్టం అంటుకుపోనాది!" అని ఎవరో అరుస్తున్నారు. పరుగులు. పళ్ళేల మోత. ఆ అరుపులన్నిటి మీదా ఒక కుర్ర గొంతు, వచ్చీరాని తమిళంలో. "ఆడవాళ్ళు కూడా! లైన్లలో ఒక్కరు ఉండకూడదు! కుండలు, బాల్చీలు, ఏముంటే అవి తీసుకురండి!"

దొర చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. అది తన గొంతు.

ఆ తరవాత చాలా దగ్గరగా ఒక ఆడమనిషి గొంతు వినబడింది. కాతమ్మ ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ వినలేదు, అయినా ఎవరిదో ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

"కూర్మప్పా... గుక్కెడు నీళ్ళు. నోరు ఎండిపోతంది."

"కుండ కూడా అట్టుకుపోనారే తల్లీ. ఉండు." అది కూర్మమ్మే, పడుచు గొంతుతో. "ఒలే! ఎవులైనా ఉన్నారా? నీళ్ళు! ఇక్కడ నీళ్ళు కావాల!"

గుమ్మం అవతల ఎవరివో అడుగులు. నిండు బాల్చీలో నీళ్ళు తొణికిన చప్పుడు. అడుగులు ఆగాయి. కుర్ర గొంతు మళ్ళీ కేక వేసింది. అడుగులు పరుగందుకున్నాయి, నీళ్ళ చప్పుడు దూరమైపోయింది.

"నీళ్ళు..." అంది సెలీనా ఇంకోసారి. పిల్ల ఏడుపు ఆమె గొంతుని కప్పేసింది. తరవాత ఏమీ లేదు. కూర్మమ్మ చిటికెన వేలు వేలాడిపోయింది, మళ్ళీ ముడుచుకోలేదు.

తల్లి గొంతు ఒక్కసారైనా వినాలని కాతమ్మ పద్దెనిమిదేళ్ళు మనసులో దేవుణ్ణి అడిగింది. విన్నది ఇది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు. బయట లారీ డ్రైవరు హారను కొట్టాడు.

అప్పుడు లేచినవాడు కిరాణీ సన్యాసి. పద్దెనిమిదేళ్ళుగా దొర పిలవనిదే కుర్చీ కదలని మనిషి, బీరువా తెరిచి, దుమ్ము పట్టిన ఫైలు ఒకటి తీసి దొర ముందు పెట్టాడు. పొగకొట్టం కాలిపోయినందుకు బీమా కంపెనీకి రాసిన ఉత్తరం. 1918 ఆగస్టు తొమ్మిది. కింద చిన్నదొర సంతకం. ఆ పక్కనే సన్యాసి హాజరు పుస్తకం కూడా తెరిచి పెట్టాడు.

"ఈ వయసు నేనే రాశాను సార్. తప్పని తెలిసే రాశాను" అన్నాడు. చెమట కారిపోతోంది వాడికి.

దొర వెంటనే ఆ రెంటివైపూ చూడలేదు. కూజా వంచి గ్లాసులో నీళ్ళు పోశాడు. ఇరవై ఏళ్ళు తెలుగు కూలీల మధ్య ఉన్నవాడికి నీళ్ళన్న మాట తెలీదా? ఆ గ్లాసు బల్లకి అవతల, ఎవరూ లేనిచోట పెట్టాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు కూర్చుని, ఉత్తరం మీది తారీఖు చూసి, కాగితం తీశాడు.

కాథరిన్, సాలమన్ సెలీనాల కూతురు, ఈ తోటలో 1918 ఆగస్టు తొమ్మిదిన పుట్టిందని రాశాడు. తోట పుస్తకంలో ఉన్న వయసు తప్పని, ఆ తప్పు తోటదేనని రాశాడు. సంతకం పెట్టి, అద్దుడు కాగితం వేసి, కవరులో పెట్టి సన్యాసికి ఇచ్చాడు.

"ఇంకోసారి వినిపిస్తావా?" అని అడిగాడు కూర్మమ్మని.

"ఒక్కసారే దొరా. మరి లేదు."

లారీ కదిలింది. కవరు ఇంకా సన్యాసి చేతిలోనే ఉంది. గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఉన్న సాలమన్ లోపలికి వచ్చి, కవరు లాక్కుని, ఎర్రమట్టి రోడ్డు మీద లారీ వెనకాల పరుగెత్తాడు. యాభై ఏళ్ళవాడు. వంతెన దగ్గర లారీని అందుకుని, డ్రైవరు చేతిలో కవరు పెట్టి, అక్కడే బురదలో కూర్చుండిపోయాడు. వాణ్ణి లేవదీసి తీసుకురావడానికి ఇద్దరు వెళ్ళాల్సి వచ్చింది.

మూడు వారాలకి సింగపూరు నుంచి కబురొచ్చింది. నలభై మందిలో కాథరిన్ పేరు ఉంది. లైన్లలో ఆడవాళ్ళు తలా ఒకటి తెచ్చి ఇచ్చారు. ఒకరు మామిడి తాండ్ర, ఒకరు ఆవకాయ జాడీ, ఒకరు పాత సారంగు లుంగీ చీల్చి కుట్టిన తువ్వాలు. కూర్మమ్మ ఏమీ ఇవ్వలేదు. ముడుచుకోని చిటికెన వేలితో పిల్ల బుగ్గ ఓసారి నిమిరి, "ఎల్లు, బండి పోద్ది" అని కసిరింది.

క్లాంగ్ స్టేషన్‌కి తండ్రీకూతుళ్ళే వచ్చారు. సాలమన్ రేకు పెట్టె బండిలోకి ఎక్కించి, దిగి, కిటికీ కింద నిలబడ్డాడు. ఎండ మాడిపోతోంది.

"కాతమ్మా."

"ఏటి నాన్నా?"

"ఆ బాల్చీ నాదే."

కాతమ్మ కిటికీ చువ్వల దగ్గరికి జరిగింది.

"మన గుమ్మం ముందునించే ఎల్లినాను. కూర్మమ్మ పిలిసింది, ఇనబడింది. మీ అమ్మ గొంతూ ఇనబడింది. దొర కేకేసినాడు. ముందు మంట ఆర్పీసి వద్దాం, బిడ్డ పుట్టేసింది కదా, మరేటి భయమని..." వాడు తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మల్లీ వచ్చీసరికి లేదు."

బండి ఈల వేసింది. కాతమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని తండ్రిని చూస్తోంది. తిట్టాలని ఉంది. దిగి కౌగిలించుకోవాలనీ ఉంది. బండి మెల్లిగా కదిలితే, సాలమన్ చువ్వ పట్టుకుని పక్కనే నడిచాడు.

"నువ్వు ఆగినావు నాన్నా" అంది. "నాను ఇన్నాను. ఓ నిమిసం ఆగినావు."

"ఆగి ఎల్లిపోనాను కదే."

కాతమ్మ చువ్వ మీద ఉన్న వాడి చేతి మీద చెయ్యి వేసి, ప్లాట్‌ఫారం చివరిదాకా అలాగే ఉంచింది.

"ఎండ మండిపోతంది" అంది. "స్టేసన్ బయట కుళాయి ఉంది. నీళ్ళు తాగి ఎల్లు."

సాలమన్ బండి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు. తరవాత స్టేషన్ బయటికి వచ్చి, కుళాయి దగ్గర నలుగురైదుగురు ఉంటే, వాళ్ళ వెనక నిలబడి తన వంతు కోసం చూశాడు.