నలభై మూడా, యాభై అయిదా

మా టీవీకి మచ్చ పడిందని మా ఆయన కనిపెట్టి మూడు నెలలైంది. నాకు ఆ మచ్చ ఒక్కసారి కూడా కనిపించలేదు. అయినా "అవునండీ, ఉంది" అన్నాను. అక్కడే మొదలైంది అంతా.

నేను బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పదకొండేళ్ళుగా చేస్తున్నాను. కుట్టడం అయిపోయిన చొక్కా నా బల్ల మీదకి వస్తుంది. కాలరు, భుజాలు, చేతులు, గుండీలు, అంచు, అదే వరసలో చూడాలి. లోపం ఉన్నచోట ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పడెయ్యాలి. రోజుకి ఆరేడు వందల చొక్కాలు. సాయంత్రం ఇంటికొచ్చాక మహారాజొచ్చి ఏదైనా చూడమన్నా నేను చూడను. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటాను, ఎవరేమన్నా ఊ కొడతాను. ఊ కొడితే మాట అక్కడితో అయిపోతుంది. ఆ రోజు కూడా అంతే.

"వార్తలు చదివే అమ్మాయి మొహం మీద నల్లగా ఏదో ఉంది, చూశావా?" అన్నాడు.

"ఊ."

"చూడకుండానే ఊ అంటావేం?"

"చూశానండీ. ఉంది. మచ్చ" అన్నాను. టీవీ వైపు తల కూడా తిప్పలేదు.

తర్వాత వారం మెకానిక్కుని పిలిపించాడు. ఆ మనిషి టీవీ వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, దుమ్ము దులిపి, ఏ లోపమూ లేదన్నాడు. వచ్చినందుకు డబ్బులడిగితే మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "పని రానివాళ్ళంతా సంచీ తగిలించుకుని బయల్దేరడమే" అని వీధి మలుపు దాకా వినబడేలా తిట్టాడు. నేను అప్పుడు కూడా ఏమీ అనలేదు. మెకానిక్కు నా మొహంలోకి ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు.

ఇంకో నాలుగు రోజులకి మచ్చ కిందికి జారిందన్నాడు మా ఆయన. ఆ మర్నాడు పైకెక్కిందన్నాడు. బట్టలో లోపం ఉన్నచోటే ఉంటుంది. చొక్కా ఎటు తిప్పినా అది అక్కడే. నడిచే లోపాన్ని నేను పదకొండేళ్ళలో చూడలేదు. అది నాకు ఆ క్షణమే తట్టింది. తట్టింది కాబట్టే లేచి వెళ్ళి గిన్నెలు తోమాను, తోమినవే మళ్ళీ తోమాను.

మా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. పొద్దున పంతొమ్మిది మంది పిల్లలు, సాయంత్రం మళ్ళీ అదే పంతొమ్మిది మంది. షుగరుంది, మందులు గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు. పోయిన నెల వ్యాను పక్కన పొడుగ్గా గీత పడితే స్కూలు గేటు సన్నగా కట్టారని గేటు కట్టినవాణ్ణి తిట్టాడు. మచ్చ టీవీలో ఉంటే టీవీ మారిస్తే పోతుంది. ఆయన కంట్లో ఉంటే ఆ వ్యాను ఒక్కరోజు కూడా ఆయన చేతిలో ఉండకూడదు. ఇంత తెలిసీ నాకు భయమేసిందా అంటే, వెయ్యలేదు. పన్ను పీకే ముందు చిగురుకి సూది వేస్తారు చూడండి, అలా ఉండేది. వేలితో నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. మూడు నెలలు అలాగే డ్యూటీకి వెళ్ళొచ్చాను.

బోనసు వచ్చిన రోజు ఆయనే అన్నాడు, కొత్త టీవీ కొందామని. సరేనన్నాను. కొత్తదాంట్లో మచ్చ లేకపోతే, ఆ గీత గేటుదే, తప్పు మెకానిక్కుదే, నేను అనుకున్నదంతా నా పాడుబుద్ధి. ఫ్యాక్టరీ టేపు తెచ్చి సోఫా వీపు నుంచి గోడ దాకా కొలిచాను. ఎనిమిది అడుగులు. కాగితం మీద రాసుకుని, బోనసులో ముప్పై వేలు పక్కన పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం వ్యాన్‌లోనే బయల్దేరాం.

షాపు రెండో అంతస్తులో ఉంది. గోడ నిండా టీవీలు. అన్నింట్లోనూ ఒకటే బొమ్మ, పసుపు పువ్వు మీద తేనెటీగ వాలుతోంది, లేస్తోంది, మళ్ళీ వాలుతోంది. నీలం కోటు వేసుకున్న సేల్స్ అమ్మాయి ఎదురొచ్చింది.

"ఎంతలో చూస్తున్నారు ఆంటీ?"

"ముప్పై వేలు. ఆ పైన పైసా లేదు."

"కూర్చునే చోటికీ గోడకీ ఎంత దూరం ఉంటుంది?"

కాగితం చూపించాను. ఆ పిల్లకి ముచ్చటేసింది. "కొలుచుకుని వచ్చినవాళ్ళు మీరే ఆంటీ. అందరూ చేతులు బార్లా చాపి, ఇంత ఉంటుంది అంటారు" అంది. "ఎనిమిది అడుగులకి నలభై మూడు అంగుళాలు చక్కగా సరిపోతుంది. యాభై అయిదు కూడా పెట్టుకోవచ్చు గానీ, ముప్పై వేలలో వచ్చే యాభై అయిదు పేరుకే పెద్దది. బొమ్మ పల్చగా ఉంటుంది, పక్కన కూర్చుంటే రంగు మారిపోతుంది. అదే డబ్బుకి నలభై మూడులో మంచి ప్యానెల్ వస్తుంది." తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడ వెలుగు బాగా పెంచి పెడతాం. ఇంట్లో ఇంత మెరవదు. ఇంటికెళ్ళాక షాపువాళ్ళు మోసం చేశారనుకోకండి" అంది.

మంచిపిల్ల. ఇంకో రోజైతే కబుర్లు చెప్పేదాన్నేమో. నేను మా ఆయన్నే చూస్తున్నాను.

ఆయన నలభై మూడు ముందు నిలబడ్డాడు. గింజని చూసే కోడిలా మెడ పక్కకి వంచాడు. అటు వంచాడు, ఇటు వంచాడు. ఇంట్లో ఈ మధ్య అలాగే చూస్తున్నాడు, నేను దాన్ని కూడా మెడనొప్పి కింద జమకట్టేశాను.

"దీనికీ ఉంది" అన్నాడు.

"ఏంటి సార్?"

"మచ్చ. సరిగ్గా పువ్వు మీద."

అమ్మాయి కంగారుపడింది. డెడ్ పిక్సెల్ ఉండుంటుంది సార్ అంటూ రిమోట్ తీసుకుంది. తెర మీద సూదిమొనంత చోట వెలుగు చచ్చిపోవడాన్ని అలా అంటారట. తెర మొత్తం తెల్లగా పెడితే దొరికిపోతుందట. ఏదో నొక్కింది. తేనెటీగ పోయింది. తెర తెల్లగా వెలిగింది.

"నువ్వు చూడు, నీ పని అదేగా" అన్నాడు నాతో.

వెళ్ళి చూశాను. చొక్కా చూసినట్టే చూశాను. పై అంచు, ఎడమ పక్క, కుడి పక్క, మధ్య, కింది అంచు. నా చేతిలోకి వచ్చిన ఏ బట్టా అంత శుభ్రంగా లేదు.

"బొటనవేలంత ఉంది కదూ?" అన్నాడు వెనక నుంచి.

నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న యాభై అయిదు దగ్గరికి వెళ్ళిపోయాడు. అమ్మాయి పరుగున వెళ్ళి దాన్నీ తెల్లగా చేసింది. మెడ వంచి చూశాడు. మొహం విప్పారింది. నెల రోజులుగా ఆయన అంత సంతోషంగా ఉండటం చూడలేదు.

"ఇది నయం! మచ్చ ఉందిలే. కానీ ఇంత పెద్దదాంట్లో అదెంత? చుట్టూ బోలెడంత కనిపిస్తోంది. ఇదే తీసుకుందాం."

"అది నలభై ఆరు వేలు సార్" అంది అమ్మాయి, నా వైపు చూస్తూ.

"వాయిదాల్లో కడతాం. ఏమంటావ్?"

ఊ అంటే అయిపోతుంది. నోటి దాకా వచ్చింది. ఊ అంటే పెద్ద టీవీ ఇంటికొస్తుంది, మచ్చ చిన్నదవుతుంది. ఇంకో ఏడాదికి అదీ చాలకపోతే అరవై అయిదు అంగుళాలది కొంటాం. ఆయన సంతోషంగా ఉంటాడు, నేను సోఫాలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. పొద్దున్నే ఏడింటికి పంతొమ్మిది మంది వ్యాను ఎక్కుతారు.

"ఏమండీ, పైన ఎడమ మూల చూడండి" అన్నాను.

"ఎందుకు?"

"చూడండి. చూశారా? మచ్చ ఎక్కడుంది?"

"ఆ మూలకే పోయింది."

"ఇప్పుడు కింద కుడి మూల."

చూపు అక్కడికి దించాడు. తర్వాత మెల్లగా, "అక్కడికొచ్చింది" అన్నాడు.

"ఇప్పుడు టీవీ వదిలెయ్యండి. ఈ అమ్మాయి మొహం చూడండి."

సేల్స్ అమ్మాయి ఏం చెయ్యాలో తెలియక, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడింది. ఆయన ఆ పిల్ల మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. మెడ పక్కకి వంచబోయి, ఆపుకున్నాడు. ఆయన భుజాలు కిందికి జారడం కనిపించింది.

"నువ్వూ చూశానన్నావ్" అన్నాడు.

"అన్నాను. చూడలేదు."

"మరెందుకన్నావ్?"

"అనడం తేలిక కాబట్టి అన్నాను."

తిడతాడనుకున్నాను. మెకానిక్కుని తిట్టినట్టు, గేటు కట్టినవాణ్ణి తిట్టినట్టు నన్నూ తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తిట్టలేదు. అమ్మాయి నీళ్ళు తెస్తానంది. వద్దని చెప్పి, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. ఆయన ప్రతి మెట్టునీ ముందు కాలితో తడుముతున్నాడు. ఎక్కేటప్పుడు కూడా అలాగే ఎక్కాడేమో, నేను చూడలేదు.

కింద ఆఖరి మెట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా వ్యాను ఎండలో ఉంది. జేబులోంచి తాళం తీసి మా ఇద్దరి మధ్యా పెట్టాడు.

"రోడ్డు మీద ఎలా నెట్టుకొస్తున్నారు?" అని అడిగాను.

"తెలిసిన దారేగా. కళ్ళు పక్కకి పెడితే చాలావరకు కనిపిస్తుంది." తాళాన్ని వేలితో కొంచెం పక్కకి జరిపాడు. "సిగ్నల్ దగ్గరే కష్టం. లైటు మీద మచ్చ పడుతుంది. అందుకని పిల్లలతో ఒక ఆట పెట్టాను. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు లైటు రంగు గట్టిగా చెప్పాలి. తప్పు లేకుండా చెప్తే దిగేటప్పుడు చాక్లెట్టు. ముందు సీటు కోసం కొట్టుకుంటారు తెలుసా?"

అది చెప్పేటప్పుడు కొంచెం నవ్వాడు కూడా.

"ఎప్పట్నుంచి ఆ ఆట?"

"స్కూళ్ళు తెరిచినప్పట్నుంచి."

స్కూళ్ళు తెరిచి అయిదు నెలలు. టీవీలో మచ్చ పడింది మూడు నెలల కింద.

"అంటే మీకు ముందే తెలుసు."

"అనుమానం ఉండేది. ఆ రోజు టీవీలో కనిపించేసరికి నిన్నడిగాను. నువ్వూ ఉందన్నావ్. హమ్మయ్య, నా కళ్ళకేం కాలేదనుకున్నా."

నా చిగురుకి వేసిన మందు అప్పుడు దిగింది. ఆయన నన్ను అడిగింది టీవీ గురించి కాదు. పదకొండేళ్ళుగా లోపాలు పట్టే మనిషినని, నా మాటకి విలువుందని అడిగాడు. నేను తల తిప్పకుండా ఊ అన్నాను.

ఫోను తీశాను. స్కూల్లో వ్యాన్లు చూసుకునే మేడమ్ నంబరు నా దగ్గరుంది.

"పరీక్షలు నడుస్తున్నాయే. నెలాఖరు దాకా ఆగుదాం. ఇన్నాళ్ళు ఏమీ కాలేదుగా" అన్నాడు.

నేను ఆగలేదు. రెండుసార్లు మోగగానే ఆవిడ ఎత్తింది.

"మేడమ్, రేపట్నుంచి వ్యానుకి మా ఆయన రాడు. వేరే డ్రైవర్ని చూసుకోండి. ఆయనకి కళ్ళు సరిగ్గా కనబడట్లేదు."

పక్కనుంచి ఎవరో సంచులు మోసుకుంటూ మెట్లెక్కారు. మేము జరిగి దారిచ్చాం.

"ఎప్పట్నుంచి?" అంది ఆవిడ.

"అయిదు నెలల్నుంచి."

ఆవిడ గొంతు మారింది. "మీకెప్పట్నుంచి తెలుసు?"

ఇప్పుడే తెలిసిందని చెప్పొచ్చు. షాపులో అమ్మాయి కూడా సాక్ష్యం చెప్తుంది.

"మూడు నెలల్నుంచి" అన్నాను.

ఆవిడ అనాల్సినవన్నీ అంది. పంతొమ్మిది మంది పిల్లలమ్మా అంది. మీకు మనసెలా ఒప్పిందమ్మా అంది. నేను ఏ ఒక్కదానికీ ఊ కొట్టలేదు. "మీరన్నది నిజమే మేడమ్" అన్నాను ప్రతిసారీ.

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వ్యాను వైపు చూస్తున్నాడు. దాని మీద కూడా మచ్చ ఉండే ఉంటుంది. ఉన్నట్టుండి, "చిన్నపాపని వెనక సీట్లో కూర్చోబెట్టొద్దని చెప్పు" అన్నాడు.

"ఏ పాప?"

"మూడో స్టాపులో ఎక్కుతుంది, పొట్టిది. వెనక కూర్చుంటే మలుపుల్లో వాంతి చేసుకుంటుంది."

"మేడమ్, ఒక్క నిమిషం, కొత్త డ్రైవరుకి చెప్పాలి" అని ఆ మాట చెప్పాను. ఆవిడ తిట్టడం ఆపింది. కాగితం తీస్తున్న చప్పుడు వినిపించింది.

"చెరువు వైపు కవలలు దిగేదాకా తలుపు వెయ్యొద్దు, ఒకడు దిగాక రెండోవాడు బ్యాగు కోసం వెనక్కి ఎక్కుతాడు" అన్నాడు. చెప్పాను. "కళ్ళద్దాల పిల్లకి కుక్కలంటే భయం, గేటు లోపలికి వెళ్ళేదాకా ఉండమను." చెప్పాను. వాళ్ళమ్మ లేకపోతే ఎవరితోనూ పంపకూడని పిల్లాడు, ఎండాకాలం ముక్కులోంచి రక్తం వచ్చే పిల్ల, నిద్రపోతే లేవని అన్నదమ్ములు. స్టాపు వెనక స్టాపు, ఆయన చెప్తుంటే నేను అప్పజెప్పాను. ఆవిడ రాసుకుంది.

పన్నెండో స్టాపు దగ్గర ఆయన ఆగిపోయాడు. నేను ఫోను పట్టుకుని ఆగాను. మేడమ్ కూడా పెట్టెయ్యకుండా ఆగింది.