గడప దాటిన సిమెంటు కట్టు

నేను ఒక సిమెంటు కట్టుని. పేరుకే సిమెంటు. ఎక్కడో ఎడారిలో జిప్సం రాయిగా హాయిగా పడుకున్నదాన్ని తవ్వి, కాల్చి, పొడిచేసి, పల్చటి గుడ్డకి పట్టించి, అట్టపెట్టెలో పెట్టారు. మనుషులు ఒకరినొకరు చేసేదే నన్నూ చేశారు గనక నేనేమీ అనుకోలేదు.

నన్ను నీళ్లలో ముంచి బంగారమ్మ కుడికాలికి చుట్టినప్పుడే లోకం చూశాను. ఆవిడ తన కొత్త ఇంటి స్లాబు తడుపుతూ, ఇంకా చేయిపట్టు కట్టని మెట్ల మీంచి జారింది. చీలమండ దగ్గర ఎముక విరిగిందన్నాడు డాక్టరు. కదపకుండా ఉంటే అదే అతుక్కుంటుందట. తను చెప్పేదాకా ఆ కాలు నేలకి మోపకూడదు, కూర్చున్నా పడుకున్నా దిండు మీద ఎత్తిపెట్టుకోవాలి. అంతా విని ఆమె మొగుడు సూరన్న, వంకాయ తినొచ్చా అని అడిగాడు.

పలకరించడానికి వచ్చినవాళ్లు పుచ్చకాయ కొంటున్నట్టు నన్ను తట్టి చూశారు. దురదపెడితే చీపురుపుల్ల దూర్చమన్నారొకరు. నాలుగడుగులు వేస్తే తొందరగా అతుక్కుంటుందన్నారింకొకరు. డాక్టరు వద్దన్నవి తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు. లోపలి సంగతి నాకొక్కదానికే తెలుసు. విరిగిన అంచుల మధ్య కొత్త ఎముక బెల్లప్పాకంలా ఊరుతోంది. ఇంకా తీగ సాగలేదు. ఇప్పుడు కదిపితే అంతా పాడు.

అంతలో గృహప్రవేశం వచ్చిపడింది. అది దాటితే మూఢమట, ఇక చాలాకాలం ముహూర్తాల్లేవట. ఇల్లాలు కుడికాలు ముందుపెట్టి గడప దాటాలన్నారు పంతులుగారు. ఆ కుడికాలేమో నాలో ఉంది. గుమ్మం ముందు మోకాలెత్తు మెట్టు.

"నాను పెడతాన్లేయే. ఎవులు పెడితే ఏటి, కాలు కాలే," అంది సూరన్న అక్క పోలమ్మ.

తమ్ముడి పెళ్లిలో దీపం తను వెలిగించానని నేటికీ చెప్పుకుంటుంది పోలమ్మ. ఇంట్లో పప్పు బాగా ఉడికినా ఆ దీపం చలవే అంటుంది. ఇక ముందు కాలు కూడా ఆవిడదే అయితే, ఇటుకలు మోసి కట్టుకున్న ఇంట్లో తను అద్దెకున్నట్టే బతకాలని బంగారమ్మ భయం. అందుకే ఒక్కసారి కాలు మోపేస్తానని మొగుడి చెవిలో చెప్పింది. నేను బిగుసుకున్నాను. బిగుసుకోవడం తప్ప నాకేమీ రాదు.

ముహూర్తానికి కుర్చీలోంచి లేవబోతూ, దిండు మీది కాలు కిందికి దించింది. దించగానే నెత్తురంతా వేళ్లలోకి దిగి సలుపెత్తింది. పళ్లు బిగబట్టి కాలు మళ్లీ దిండు మీద పెట్టి, కాసేపు నన్నే చూసింది. ఆపైన, అడుగు నేలకి ఆనాలా, గడప దాటితే చాలా అని పంతులుగారిని అడిగింది. ఆయన గడియారం చూసుకుని, తనకి తెలిసినంతలో దాటితే చాలన్నారు.

నలుగురు మగాళ్లు కుర్చీ ఎత్తారు. నేను ఫిరంగి గొట్టంలా ముందుకి సాగి ఉన్నాను. పోలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కాళ్లు ముందెట్టి మోసీది శవాన్నర్రా."

కుర్చీ గాల్లోనే ఆగిపోయింది. మోసేవాళ్ల మొహాలు పాలిపోయాయి. 

"అది బయటికి ఒదినా," అంది బంగారమ్మ. "నాను లోపలికెళ్తన్నాను."

పోలమ్మ గుమ్మంలోంచి తప్పుకుంది. ముందు ఆవు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ నాకు పూసిన పసుపు నాకేసింది. దాని వెనక ఆ ఇంట్లో కాలు పెట్టింది, నిజం చెప్పాలంటే, నేను.

కొన్ని వారాలకి పాకం ముదిరి రాయి అయిందని డాక్టరు ఎక్స్‌రేలో చూసి, రంపం పెట్టి నన్ను నిలువునా కోశాడు. లోపల్నుంచి తోటకూర కాడలాంటి కాలు బయటపడింది. చీలమండ తిరగదు. రోజూ బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయమన్నారు. బంగారమ్మ ఒక్క 'బ' మాత్రమే మళ్లీ మళ్లీ రాసేది. పోలమ్మ పక్కన కూర్చుని, కొస వంకరగా వచ్చిందని దిద్దేది.

నన్ను ఆస్పత్రి చెత్తలో వెయ్యనివ్వలేదు బంగారమ్మ. బూడిదగుమ్మడికాయ కట్టాల్సిన చోట, గుమ్మం పైన, నన్ను దిష్టికి వేలాడదీసింది. వచ్చినవాళ్లు తలెత్తి చూసి జడుసుకుంటారు. ఆవిడ మాత్రం ఏ కాలు ముందు పడుతోందో చూసుకోకుండా, చెంబుతో లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది. చూసే పని ఇప్పుడు నాది.