కుర్చీ తిప్పిన రోజు

అరవై నిండిన రోజు పొద్దున్నే, మా కుట్టు షాపులోని పెద్ద కత్తెర తీసి కోడలి చేతిలో పెట్టాను.

"ఇక నుంచి కటింగ్ నీది. నేను గుండీలు కుట్టుకుంటాను."

మా ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి నా నుదురు తాకి చూశాడు. "జ్వరమేం లేదే!"

"జ్వరం కాదు, వానప్రస్థం. జుట్టు నెరిసి, మనవరాలి మొహం చూశాక పెత్తనం దించుకుని పక్కకు జరగమన్నారు పెద్దలు. చేతకాక మానేస్తే అది వానప్రస్థం కాదమ్మా, చేతనవుతుండగానే మానాలి అనేవాడు మా నాన్న. నా చేతికి ఇంకా వణుకు రాలేదు. ఇదే సమయం."

"బాగానే ఉంది. మరి అడవికి ఏ బస్సెక్కాలి?"

"బస్సెందుకు? ఆ కిటికీ దాకా నడిచి వెళ్తాను."

అన్నట్టే కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా అంత త్యాగమూర్తి ఎక్కడా ఉండదని మురిసిపోయాను కూడా. ఎవరైనా ఓ మాట మెచ్చుకుంటే బాగుండునని అనిపించింది గానీ, ఎవరి పనిలో వాళ్ళున్నారు.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. కోడలు పనిమంతురాలు, కొలతలో వెంట్రుకవాసి తేడా రానివ్వదు. కానీ సుద్దతో గీత గీసి, కత్తెర తెరిచి, ఆగుతుంది. నా వంక చూస్తుంది. నేను తల ఊపుతాను. అప్పుడు గానీ కత్తెర కదలదు. చొక్కాకీ అంతే, గౌనుకీ అంతే. ఒకరోజు సూదిలో దారం ఎక్కించుకుంటూ నేను గమనించలేదు. తలెత్తి చూస్తే, పాపం ఆ పిల్ల కత్తెర తెరిచి పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

అప్పుడు అర్థమైంది. కత్తెర ఇచ్చాను గానీ తల ఊపడం నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను. పెత్తనమంతా అందులోనే ఉంది. అడవికి బయల్దేరి ఇంటి తాళాలు బొడ్లో దోపుకుపోయినట్టుంది నా వానప్రస్థం. ఇలాగే సాగితే, నేను కన్నుమూసిన మర్నాడు ఈ పిల్ల ఎవరి వంక చూసి కత్తిరిస్తుంది?

ఆ వారంలోనే ఒక గాయని వచ్చింది. స్టేజీ మీద వేసుకోవడానికి పొడుగు కోటు కావాలట. వాళ్ళమ్మ దాచిన నీలం ముఖమల్ గుడ్డ తెచ్చింది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు, పాడైతే అంతే సంగతులు.

ముఖమల్ మీద నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా పడుకుంటుంది, రెండోవైపు నిమిరితే గరుగ్గా లేస్తుంది. నూగు కిందికి పడుకునేలా కత్తిరించడం నా అలవాటు. అలా అయితే త్వరగా అరగదు. కోడలు గుడ్డ పరిచింది, నిమిరింది, కాసేపు ఆలోచించి తలకిందులుగా తిప్పి పరిచింది. నూగు పైకి!

సూది నా వేల్లో దిగింది. 'ఆగు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె గీత గీసింది, కత్తెర తెరిచింది, నా వంక చూసింది.

తల ఊపినా, అడ్డంగా తిప్పినా ఆ కోటు నాదే అవుతుంది. లేచి, కుర్చీని వీధి వైపు తిప్పేసి, బల్లకు వీపు పెట్టి కూర్చున్నాను.

"అత్తయ్యా, కోపమొచ్చిందా?"

"కోపం లేదు, గీపం లేదు. నీ బల్ల, నీ గుడ్డ. కానీయ్."

వెనక కత్తెర ఇంకా కదల్లేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నాకు నిజంగా భయమేసింది. గుడ్డ ఏమవుతుందోనని కాదు, నేనే వెనక్కి తిరుగుతానేమోనని. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు వినిపించింది కత్తెర చప్పుడు. ఎక్కడా తడబడలేదు. ఎన్నేళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినంత హాయిగా అనిపించింది.

కోటు తయారైంది. గాయని వేసుకుని అద్దం ముందు నిలబడితే నీలం చిక్కగా, లోతుగా కనిపించింది.

"లైట్ల కింద మెరవకూడదని నూగు పైకి పెట్టానండీ. కోటు మెరిస్తే అందరి కళ్ళూ దానిమీదే ఉంటాయి, మీ మొహం ఎవరు చూస్తారు? కాకపోతే కాస్త త్వరగా అరుగుతుంది" అంది కోడలు.

గాయని మురిసిపోయి నా వైపు తిరిగింది. "మీ చేతి మహిమే వేరండీ!"

"నా చెయ్యి పడలేదమ్మా. ఆ పిల్లకి చెప్పండి" అన్నాను. ఆ మాట అనడం ఇంత సులువని నాకు తెలీదు.

మర్నాడు వచ్చేసరికి నా కుర్చీ మళ్ళీ బల్ల వైపు తిరిగి ఉంది.

"ఎవరు తిప్పారిది?"

"నేనే అత్తయ్యా. వీధిలో ఏముంది చూడ్డానికి? ఇటే చూస్తూ కూర్చోండి. నేను మాత్రం మీ వంక చూడన్లెండి."

కూర్చున్నాను. ఆమె గుడ్డ పరిచి, గీత గీసి, కత్తెర తెరిచింది. అలవాటు కొద్దీ నా మెడ ముందుకు సాగింది. ఆమె తలెత్తలేదు. కత్తెర సాగిపోయింది. ఇన్నాళ్ళూ నేను గీత వంకే చూశాను, కత్తిరించే మనిషిని చూడటం అదే మొదలు. కింది పెదవి పంటితో నొక్కిపెట్టి, ఎంత ముద్దుగా ఉందో!

"ఏమోయ్, అడవెలా ఉంది?" అన్నాడు మా ఆయన.

"మెల్లిగా మాట్లాడండి" అన్నాను. "పిల్ల పనిలో ఉంది."