సగం గడ్డపు సాక్షి

సర్వసాక్షివైన నారాయణా, జీవుల లోపలి మాటను నోటికి రాకముందే వినేవాడా, ఈ కథను తప్పు దొర్లకుండా నాచేత చెప్పించు.

ఒక క్షురకుడు ఉండేవాడు. గడ్డం పూర్తయ్యేవరకు కత్తి కింద పెట్టకూడదన్నది తండ్రి అతనికి నేర్పిన నియమం. ఒక ఉదయం పంటిపోటుతో దవడ వాచి, నోరు పెగలక, ముఖానికి గుడ్డ చుట్టుకొని పనిచేస్తున్నాడు. బాధ ఓర్వలేక, కుర్చీలోని మనిషిని ఆగమని సైగచేసి, పక్కనున్న మందుల దుకాణానికి పరుగెత్తాడు. గల్లాపెట్టె వెనుక అరలోని మాత్రలను కత్తి పట్టిన చేత్తోనే చూపించాడు. దుకాణదారు చేతులెత్తి కేకలు పెట్టాడు.

దోపిడీ యత్నమని శిక్ష పడింది. పంటినొప్పి ఉన్నవాడు దోచుకోడా అన్నారు కోర్టులో. గడ్డం మధ్యలో ఆపి మందుకే వెళ్లాడని చెప్పగల ఒకే సాక్షి, కుర్చీలోని మనిషి, ఆ గలాభాలోనే మాయమైనాడు.

అప్పీలు విచారణనాడు క్షురకుని అక్క న్యాయస్థానపు వరండాలో కూర్చొని ఉండగా ఒక నడివయసు మనిషి ఎదుట నిలిచాడు.

“అమ్మా, ఆ రోజు కుర్చీలో ఉన్నది నేనే.”

“ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావయ్యా?”

“ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఆఫీసులో అబద్ధం చెప్పి గడ్డానికి వచ్చానమ్మా. బండారం బయటపడుతుందని సగం గడ్డంతోనే పారిపోయా. మా ఆవిడ ‘మిగతా సగం ఎవరికిచ్చొచ్చారు?’ అంది. మీ తమ్ముణ్ణి వదిలేశారనుకున్నా. శిక్ష పడిందని మొన్ననే తెలిసింది. ఉద్యోగం పోతే పోనీ, చెప్తాను.”

ఆమె అతని చేయి పట్టుకొని లాయరు దగ్గరకు ఈడ్చుకుపోయింది.

లాయరు నిట్టూర్చాడు. “అమ్మా, ఇక్కడ కొత్త సాక్షిని వినరు. కింది కోర్టులో రాసుకున్న సాక్ష్యం శిక్షకి చాలుతుందా లేదా, అంతే చూస్తారు.”

“మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా వినరా?”

“కాగితాల్లో లేడు కదమ్మా. ముందే ఎందుకు వెతకలేదంటారు.”

“వెతకలేదా? వీధి వీధీ తిరిగాను. మావాడికి ముఖం గుర్తుంటేగా! వాడు గడ్డాలే చూస్తాడు.”

లోపల లాయరు బాగానే వాదించాడు. ముద్దాయి డబ్బు అడగలేదు, దుకాణపు బల్ల దాటి లోపలికి పోలేదు అన్నాడు. న్యాయమూర్తి ఓర్పుతో విన్నారు. ముఖానికి గుడ్డ, చేతిలో కత్తి, గల్లాపెట్టె వైపు చెయ్యి. వీటిని బట్టి నేరం రుజువైందనుకోవడం అసమంజసం కాదని అప్పీలు కొట్టివేశారు.

వెనుక వరుసలో ఆ మనిషి లేచి “అయ్యా, నేను…” అన్నాడు. బంట్రోతు భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

తమ్ముణ్ణి తీసుకుపోయారు. వరండాలో ఆమె ఆ మనిషిని పిలిచింది.

“వాళ్లకి చెప్పాలనుకున్నది నాకు చెప్పు.”

“మీకు తెలిసిందే కదమ్మా?”

“తెలుసు. అయినా ఒక్కసారి ఎవరైనా చెప్తుంటే వినాలనుంది.”

అతడు న్యాయపీఠం ఎదుట నిలిచినట్లే చేతులు కట్టుకొని మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో ఆపకుండా చివరివరకు విన్నది.

ఈ కథ విన్న మీకందరికీ మీ మాట చెవినబెట్టే పెద్దలు వేళకు దొరుకుదురుగాక. మీ ఇంటివారు క్షేమంగా ఇల్లు చేరుదురుగాక.