శబ్దానికి తిరిగిన ఫ్యాన్

ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ నాలో నేనే మాట్లాడుకుంటున్నాను. ఏమిటా గొణుగుడు అని పేపరు దించకుండానే అడిగారు. కొత్తగా చేరిన వాళ్ళకి ఇవాళ నేను క్లాసు చెప్పాలన్నాను. "బకెట్లలో ఇసుక ఉందో లేదో చూసే ఉద్యోగానికి మళ్ళీ క్లాసొకటి" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మాటకి నవ్వడం కూడా కాలరు మడత సరిచేసినంత అలవాటైపోయింది.

నేను యూనివర్సిటీ భద్రతా విభాగంలో పనిచేస్తాను. లాబుల్లో ఎవరి చేతులూ కాలకుండా, ఎవరి ఊపిరితిత్తుల్లోకీ పోకూడనిది పోకుండా చూడటం మా పని. అది సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగదు కాబట్టి మేమేమీ చెయ్యడం లేదనుకుంటారు. ఇంటి పనికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు. పొద్దున్నే వంట చేసి, మంచంలో ఉన్న అత్తగారికి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, మాత్రలు వేసి బయల్దేరితే, సాయంత్రం ఆవిడ అడిగేది ఒక్కటే, రోజంతా ఎక్కడ తిరిగావని.

పుస్తకాల్లో ఉండని సంగతులే చెప్పండి అన్నారు మా డైరెక్టరు. అలాంటివి నా దగ్గర బోలెడున్నాయి. పాత భవనంలో కరెంటు మెయిన్ మెట్ల కింద గదిలో ఉంటుంది, దాని తాళం తోటమాలి దగ్గర ఉంటుంది. ఫలానా ప్రొఫెసరుగారు రసాయనాల ఫ్రిజ్‌లో భోజనం క్యారేజీ పెట్టుకుంటారు, నేరుగా అడిగితే కోపం, పిల్లల ముందు అడిగితే సిగ్గు, కాబట్టి పిల్లల ముందే అడగాలి. ఇవన్నీ చెబుతుంటే కొత్త వాళ్ళు నవ్వుతూ రాసుకున్నారు.

నా తరవాత మా పాత ఆఫీసరుగారు మాట్లాడారు. రిటైరై చాలాకాలమైంది. ఈ పనిలో నాకు ఓనమాలు దిద్దించింది ఆయనే. నా జుట్టు నెరిసినా ఇప్పటికీ "అమ్మాయ్" అనే పిలుస్తారు. ఆయన హుషారుగా పాత రోజుల్లోకి వెళ్ళిపోయారు. కింది అంతస్తులో సీసాల స్టోరు గది ఉండేది, దాని ఎగ్జాస్ట్ ఫ్యాను గోలకి చెవులు చిల్లులు పడేవి. కానీ అంతకు ముందు మరమ్మతుల్లో మేస్త్రీలు పైన గొట్టం మూసేశారు. ఫ్యాను తిరిగేది, గాలి మాత్రం అంగుళం కదిలేది కాదు. "ఒట్టి శబ్దానికే అది. మాకు తెలుసు కాబట్టి అయిదు నిమిషాలకి మించి లోపల ఉండేవాళ్ళం కాదు" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

ఆ గదిలో నేను వారాల తరబడి కూర్చున్నాను. అప్పుడు నాకు అయిదో నెల. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, అందుకే కడుపు సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, వదులు కోటు కప్పేసేది. పాత సీసాలన్నీ విప్పి చూసి, వాసన ఘాటుగా ఉన్నవి వేరుచేసి పెట్టడం నా పని. ఫ్యాను మోగుతోంది కదా అని నమ్మి తలుపు వేసుకునేదాన్ని. ఇంటికొచ్చేసరికి తల పగిలిపోయేది. మేమూ కడుపులు మోసినవాళ్ళమే అనేవారు అత్తగారు. ఒకరోజు ఆ గదిలోనే నేలమీద కూలబడ్డాను. ఆడపిల్ల. ఆసుపత్రిలో ఒకసారి చూపించి తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ నా కడుపు పండలేదు.

అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా అత్తగారిది అదే మాట. "దీనికి పిల్లకంటే ఆ సీసాలే ముద్దయ్యాయి." ఆవిడ అంటుంటే ఆయన మాట్లాడేవారు కాదు. ఆ మౌనాన్ని నేను దుఃఖం అనుకున్నాను. పాపం, బయటపడి ఏడవలేని మనిషి అని జాలిపడ్డాను. మెట్లు దిగకుండా ఉండాల్సింది, ఆ సీసాల బరువు ఎత్తకుండా ఉండాల్సింది అని ఏళ్ళ తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ గాలివల్లే బిడ్డ పోయిందని తేల్చి చెప్పలేను. నా వృత్తిలో రుజువు లేకుండా అలా అనకూడదు. కానీ నావల్లే పోయిందని మాత్రం అందరూ రుజువు లేకుండానే అన్నారు.

టీ విరామంలో పాత ఆఫీసరుగారిని వరండాలో ఆపాను. ఆ గదిలో నన్నెందుకు కూర్చోబెట్టారని అడిగాను. నువ్వు కడుపుతో ఉన్నావని తెలీదు, తలుపు తీసే ఉంచుకుంటావనుకున్నానన్నారు. ఫ్యాను సంగతి ఒక్క ముక్క చెప్పాల్సింది కదా అన్నాను. ఆయన నావంక వింతగా చూశారు.

"చెప్పాను కదమ్మాయ్. ఆసుపత్రిలో మీ ఆయన చేతులు పట్టుకుని చెప్పాను. తప్పు మాదేనని, మీరు ఫిర్యాదు చేస్తే నేనే సాక్ష్యం చెబుతానని అన్నాను. దానికి తెలిస్తే ఉద్యోగం మానేస్తుంది, నేను చూసుకుంటాలెండి అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంటాయనకి చెప్పాను కదా" అన్నారు ఆయన, అందులో అడగడానికి ఏముందన్నట్టు.

మిగిలిన క్లాసు నేనే తీసుకున్నాను. గదిలో ఏదైనా ప్రమాదం ఉందని తెలిస్తే ముందుగా, స్వయంగా, ఆ గదిలో పనిచేసే మనిషికే చెప్పండి, ఆమె తరఫున ఇంకెవరికో చెప్పి చేతులు దులుపుకోకండి అన్నాను. అందరూ తలలు వంచుకుని రాసుకున్నారు.

సాయంత్రం భోజనం వడ్డిస్తూ, పాత ఆఫీసరుగారు వచ్చారని చెప్పాను. మా ఆయన కూర గిన్నె దగ్గరికి లాక్కున్నారు. ఏం చెప్పారని అడగలేదు. అడగలేదు కాబట్టి నాకింక అనుమానం మిగల్లేదు. రెండు ముద్దలు తిని, "చెబితే మాత్రం పిల్ల తిరిగొచ్చేదా?" అన్నారు. అప్పుడే ఇల్లు మొదలుపెట్టామన్నారు. నా జీతం లేకపోతే పునాదుల్లోనే ఆగిపోయేదన్నారు. మరి అత్తయ్య ఇన్నేళ్ళుగా నన్ను అంటుంటే అని అడిగాను. పెద్దావిడ ఏదో అంటుంది, పట్టించుకోకూడదన్నారు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. అదంతా ఆయన పక్కనే పడుకుని, ఆయనకి వినిపించకుండా ఎప్పుడో ఏడ్చేశాను. ఆయన కోసం కూడా నేనే ఏడ్చాను.

పక్కగదిలో అత్తగారు మంచంమీద కదిలిన చప్పుడైంది. ఆవిడ కాళ్ళు పడిపోయాయి గాని చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. నేను టీవీ కట్టేసి, ఆ గది తలుపు బార్లా తీశాను.

"మీ అమ్మకి మీరే చెప్పండి. ఇప్పుడే. నేనిక్కడ నిలబడి వింటాను."

ఆయన కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు.