రెండున్నరకి తీసిన అద్దం

పొద్దున్న ఆరున్నరకల్లా బండి తుడవడం ఆమెకి అలవాటు. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, ముందద్దానికి మాత్రం పాత వార్తాపత్రిక. ఏడింటికి మొదటి పాఠం. డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్లయింది. నేర్చుకున్నవాళ్లంతా ఆమెని ‘మెల్లగా మేడం’ అంటారు, చాటుగా కాదు, ఎదురుగానే. ఎవరు స్టీరింగు పట్టుకున్నా ఆమె నోట్లోంచి వచ్చే మొదటి మాట అది, చివరి మాటా అదే. గంటకి ముప్ఫై దాటనివ్వదు. లారీ వెనక పోనివ్వదు. కంకర రోడ్డు కనిపిస్తే ఊరంతా చుట్టి తిరిగైనా వేరే దారి పట్టిస్తుంది.

దానికి కారణముంది. ఆమె బండి మోడల్‌ని కంపెనీవాళ్లు ఆపేసి పంతొమ్మిదేళ్లయింది. ఆపేసిన మోడళ్ల సంగతి ఎవరికి తెలియదు కనక! ఒక బండికి తగిలిన దెబ్బని అదే మోడల్‌లో మిగిలినవన్నీ సమానంగా పంచుకుంటాయి. వేలల్లో ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు. ఎక్కడో రాయి తగిలితే ఇక్కడ కంటికి కూడా ఆనని మచ్చ. తుక్కుకి పోయేవి పోగా పదో పరకో మిగిలినప్పుడు యజమానులు ఒకళ్ల ఫోన్ నంబరు ఒకళ్లు రాసి పెట్టుకుంటారు. రెండే మిగిలితే చెరిసగం. ఒక్కటే మిగిలితే తగిలిందంతా దానికే. ఆమెది మిగిలిన ఒక్కటి. అద్దం పగిలితే ఇంకో అద్దం ఎక్కడా దొరకదు. అందుకే ఆ నెమ్మది.

ఆ రోజు పాఠానికొచ్చినవాడు పళ్ల డాక్టరు. ఎంతమంది నోళ్లలోనో వణక్కుండా చెయ్యి పెట్టే మనిషికి స్టీరింగు చూస్తే చెమటలు. ఇంజను ఆపి ఉన్న బండిలో, ఇంటి ముందే, క్లచ్ ఏదో బ్రేకు ఏదో ఆమె మూడోసారి చెబుతోంది. ఇంతలో టప్‌మని చప్పుడైంది. అద్దం పైమూలలో చుక్క పొడిచినట్టు ఓ మచ్చ పడింది. చూస్తుండగానే దాన్నుంచి ఒక గీత బయల్దేరి, తొందరేమీ లేనట్టు వంకర్లు పోతూ వచ్చి, సరిగ్గా డాక్టరు ముక్కుకి ఎదురుగా ఆగింది.

“నేనేం ముట్టుకోలేదండీ! ఒట్టు!” అన్నాడు డాక్టరు రెండు చేతులూ పైకెత్తి.

“మీరు కాదులెండి,” అంది ఆమె. దిగి చుట్టూ చూసింది. వీధిలో ఆడుకునే పిల్లలు లేరు, పోయే లారీ లేదు, పైన కొమ్మ లేదు. బండి కింద కూడా వంగి వెతికింది. రాయన్నది లేదు.

పాఠం అక్కడితో ఆపేసి బండిని అద్దాలాయన కొట్టుకి తీసుకెళ్లింది. ఎల్లుండే రవాణా శాఖవాళ్ల తనిఖీ. డ్రైవరు కళ్లకి అడ్డంగా పగులున్న బండిలో పాఠాలు చెప్పనివ్వరు. బండి లేకపోతే ఆమెకి పని లేదు. అప్పటికి ఆమె బెంగ అదొక్కటే.

కొట్టుని అద్దాలాయనా ఆయన భార్యా కలిసి నడుపుతారు. ఆపేసిన మోడళ్లకి అద్దాలు వెతికిపెట్టడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. లోపలి గోడ నిండా సుద్దతో రాసిన మోడళ్ల పేర్లు, పక్కన ఇంకా ఎన్ని బండ్లు మిగిలాయో అంకెలు. ఒక బండి పోయిందని కబురొస్తే ఆయన లేచి వెళ్లి అంకె చెరిపి, ఒకటి తగ్గించి రాసి, ఓ నిమిషం నిలబడి వస్తాడు. ఆమె మోడల్ పక్కన పదకొండేళ్లుగా ‘1’ అని ఉంది.

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. “రాయి ఎక్కడ తగిలింది చెల్లెమ్మా?”

“తగల్లేదు అన్నయ్యా. బండి నిలబడే ఉంది.”

ఆయన భూతద్దం దించి భార్య వైపు చూశాడు. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

“ఇది దెబ్బ కాదు, వాటా,” అన్నాడు ఆయన. “సగం వాటా. నీ బండి ఊరికే నిలబడి ఉండగా వాటా వచ్చిందంటే, రాయి ఇంకెక్కడో తగిలింది. చెల్లెమ్మా, ఇంకో బండి ఉంది.”

ఆమెకి నవ్వొచ్చింది. “ఇంకో బండి నదిలో ఉంది. అంకె చెరిపింది మీరే కదా?”

ఆ ఇంకో బండి ఆమె తమ్ముడిది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే చోట కొన్నారు. స్కూలు కలిసే పెట్టారు. పొద్దుటి పాఠాలు ఆమెవి, సాయంత్రం పాఠాలు వాడివి. వాడు మంచివాడే గానీ మహా బద్ధకస్తుడు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాడంటే ఇల్లు కూలినా లేవడు. ఓ రోజు అలాగే పడుకుండిపోయి, లైసెన్సు పరీక్షకి ఒక స్టూడెంటుని తీసుకెళ్లడం ఎగ్గొట్టాడు. పాపం ఆ అమ్మాయి గేటు దగ్గర మూడు గంటలు నిలబడి ఏడుస్తూ ఇంటికెళ్లింది. ఆ సాయంత్రం అక్క తమ్ముణ్ని పట్టుకుని దులిపేసింది. దులిపి దులిపి, ఆఖర్న నోరు జారింది. “నువ్వుండి ఏం లాభంరా? పోయి ఎక్కడైనా చావు,” అంది. వాడు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత, వరదలో ఉన్న నది ఒడ్డున, వంతెన కమ్మీలు విరిగిన చోట, వాడి బండి నంబరు ప్లేటూ ఒక బూటూ దొరికాయి. మూడు వారాలు వెతికి వదిలేశారు.

ఆ మాట వంటింట్లో ఉన్న అమ్మ చెవిన పడింది. తర్వాత ఐదేళ్లు బతికింది గానీ కూతురి ముఖం చూసి మాట్లాడలేదు. “నువ్వన్నట్టే అయిందిగా,” అని ఒక్కసారి అంది. అది చాలదూ! తనూ అదే అనుకుంటోంది మరి. పదకొండేళ్లుగా ఏ పని చేస్తున్నా, పాఠం చెబుతున్నా, కూర తరుగుతున్నా, ఆ మాట ఆమె లోపల ఓ పక్కన కూర్చునే ఉంటుంది.

“ఎవరైనా బండిని నదిలోంచి తీసి బాగుచేసుకున్నారేమో,” అంది.

అద్దాలాయన భూతద్దం ఆమె చేతికిచ్చి, అద్దం లోపలివైపు, స్టీరింగు పక్కన కిందిమూల చూపించాడు. వందలకొద్దీ సన్నటి గాట్లు. రోజూ తుడిచే చోటే. గుడ్డకి గరుకుగా తగిలేది కూడా. నేర్చుకునేవాళ్ల చేతులు తగిలి గీసుకుందనుకునేది. ఇప్పుడు భూతద్దంలోంచి చూస్తే అవి మూడేసి మూడేసి ఉన్నాయి.

తమ్ముడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఉంగరంతో అద్దాన్ని మూడుసార్లు కొట్టేవాడు, సిగ్నల్‌ని తొందరపెడుతున్నట్టు. అద్దం పాడవుతుందిరా అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకుందో.

లెక్కపెట్టింది. నలభై దాకా లెక్కపెట్టి మానేసింది. కొన్ని అరిగిపోయాయి, కొన్ని మొన్న మొన్నటివి. అంటే వాడు చావలేదు. నంబరు ప్లేటు వాడే విప్పాడు. బూటు వాడే విడిచాడు. ఎక్కడో సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, ఉంగరంతో అద్దం కొడుతూ, హాయిగా తిరుగుతున్నాడు. తోడబుట్టినవాడు బతికున్నాడంటే సంతోషించాలి. ఆ సంతోషం కోసం ఓ క్షణం లోపల వెతుక్కుంది. దొరకలేదు. వాడి కోసం ఏడ్చిన ఏడుపూ, అమ్మ తిప్పుకున్న ముఖమూ మాత్రం దొరికాయి.

“వెధవ,” అంది. “మోసం చేశాడన్నయ్యా. నన్ను హంతకురాల్ని చేసి పోయాడు.”

అద్దాలాయన భార్య స్టూలు తెచ్చి కూర్చోబెట్టింది. మంచినీళ్లిచ్చింది. ఊరుకోమ్మా అనలేదు, అదీ ఓ మంచితనమే.

కాసేపయ్యాక అద్దాలాయన గొంతు సవరించుకున్నాడు. “రెండు దారులున్నాయి. పగుల్లోకి జిగురు ఎక్కిస్తే గీత కనపడదు, తనిఖీ గట్టెక్కుతుంది. కానీ రేపు అవతలి బండికి ఇంకేదైనా తగిలితే అందులోనూ సగం నీదే.”

“రెండోది?”

“నా దగ్గర వ్యాను అద్దం ఒకటుంది. నీ బండి అద్దం దాదాపు చదునే కనక కొలిచి, కోసి, బిగించేస్తాను. పరాయి అద్దం బిగించాక నీ బండికి ఆ మోడల్‌తో చుట్టరికం ఉండదు. పంపకాలూ ఉండవు.”

“మరి ఇప్పుడు నాకొచ్చిన సగం?”

“ఈ అద్దం చట్రంలోంచి లేవగానే అవతలి బండికి పోతుంది. ఇన్నేళ్ల వాటాలన్నీ ఒక్కసారే కనక దాని అద్దం మొత్తం జల్లెడే.”

“తీసెయ్యండి.”

“తీయను,” అన్నాడాయన. గొంతు పెంచలేదు గానీ కచ్చితంగా అన్నాడు. “అవతలి బండివాళ్లకి ఫోన్ చేసి, పక్కకి ఆపుకోమని చెప్పాకే అద్దం మీద చెయ్యి వేయాలి. మా పనిలో మొదటి పాఠం అది. ఒక్క అద్దం తీయడానికి మా నాన్న నూట ఆరు ఫోన్లు చేశాడు. వేగంగా పోతున్నప్పుడు కళ్లముందు అద్దం తెల్లగా అయిపోతే మనిషి ఏమవుతాడో నీకు నేను చెప్పాలా?”

ఆమెకి పాత నంబరు ఇంకా నోటికొచ్చు. చేసింది. ఆ నంబరు వాడుకలో లేదంది ఫోను.

చాలాసేపు పగులుకేసి చూస్తూ కూర్చుంది. అప్పుడు పోయి చావమన్నది నోరు జారి. ఇప్పుడు నోరు విప్పక్కర్లేదు. ఈయన కాదంటే, ఫోన్లూ గీన్లూ లేకుండా తీసిపారేసే మెకానిక్కులు నాలుగు వీధుల అవతల కావలసినంతమంది ఉన్నారు. ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చి, ఆమె పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. దాన్ని ఆమె వెంటనే పొమ్మనలేదు కూడా.

“టైమెంతైంది?” అని అడిగింది చివరికి.

“పదకొండు కావస్తోంది.”

“మధ్యాహ్నం రెండున్నరకి తీయండి. ఆ టైములో వాడు బండి నడపడు. రాత్రిళ్లు ఎక్కడెక్కడ తిరిగేవాడో మాకే తెలిసేది కాదు. రెండున్నరకి మాత్రం మంచం మీద ఉంటాడు.”

“పదకొండేళ్లయింది చెల్లెమ్మా. మనుషులు మారతారు.”

“వాడా?” అంది. ఆ ఒక్కమాటలో కోపం ఎంతుందో ముద్దూ అంతే ఉంది. అది ఆమెకే నచ్చలేదు.

అద్దాలాయన భార్యకేసి చూశాడు. ఆవిడ తలూపింది. ఇదీ ఫోను చేసి బండి ఆపించడం లాంటిదేలే అనుకున్నారు కాబోలు.

అట్టముక్క మీద కొలత గీయడం, వ్యాను అద్దం కోయడం, అంచులు నున్నగా రుద్దడంతో రెండున్నర అయింది. ఆయన అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీకి సబ్బునీళ్లు రాసి, లోపల కూర్చుని అరచేతులతో నెట్టాడు. ఆడవాళ్లిద్దరూ బయట నిలబడి పట్టుకున్నారు. అద్దం కాసేపు మొరాయించింది. ఒక మూల కదిలింది. తర్వాత ఇంకో మూల. ఆ తర్వాత మొత్తం ఒక్కసారిగా చేతుల్లోకి వచ్చేసింది. వచ్చిన అద్దం మీద పగులు లేదు. చుక్క లేదు. ఉంగరపు గాట్లు లేవు. షోరూములో చూసిన రోజు ఎలా ఉందో అలా ఉంది. దాన్ని తీసుకెళ్లి గోడకి ఆనించారు. గోడ మీద ‘1’ని ఎవరూ చెరపలేదు. ఆ ఒక్కటీ ఇప్పుడు తమ్ముడి బండి.

“సరైన టైమేనంటావా?” అన్నాడు అద్దాలాయన.

“తెలియదన్నయ్యా.” చేయని హత్యకి పదకొండేళ్లు ఏడ్చింది. ఇప్పుడు నిజంగానే చేసిందేమోనని భయం. ఒకవేళ ఈ ఒక్కరోజే వాడు పడుకోకపోతే? ఒకవేళ ఎవరైనా లేపి పంపించి ఉంటే?

నాలుగింటికి, కొత్త అద్దాన్ని చట్రంలో కూర్చోబెట్టడం అయ్యాక, ఫోను మోగింది. చేతులకి సబ్బు ఉందని అద్దాలాయన స్పీకరు పెట్టమన్నాడు. భార్య పెట్టింది.

“అన్నా, పాత బండికి ముందద్దం కావాలి,” అని మోడల్ పేరు చెప్పింది అవతలి గొంతు. “ఇక్కడ తుక్కు కొట్టతను మీ నంబరిచ్చాడు. పొద్దున చిన్న రాయి తగిలిందంతే. మధ్యాహ్నం నేను పడుకుని లేచి చూసేసరికి, నిలబెట్టిన బండి నిలబెట్టినట్టే ఉంది, అద్దం మాత్రం జల్లెడైపోయింది...”

గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. బతికే ఉన్నాడు. నిద్రపోయాడు, లేచాడు, మాటల మధ్య ఆవలిస్తున్నాడు కూడా. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకాలే కోపం వచ్చి, ఉన్న చోటంతా ఆక్రమించుకుంది. చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

“చెప్పండి,” అంది.

అవతలి నుంచి చాలా చిన్నగా, “అక్కా?”

ఆమె ఫోనుని ఇంకో చేతికి మార్చుకుంది.

“అక్కా, నువ్వేనా? నేనే... ఊరికే నాలుగు రోజులు భయపెడదామనుకున్నానే. తర్వాత ఏ ముఖం పెట్టుకుని రావాలో తెలియలేదు. నువ్వు కూడా అంత మాటన్నావు కదా... అమ్మెలా ఉంది?”

ఆమె గోడకి ఆనించిన అద్దం వైపు చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ని ‘ఏరా’ అని తప్ప పిలిచి ఎరగదు.

“మీరు పొరబడ్డారండీ,” అంది. “మా తమ్ముడు పోయి పదకొండేళ్లయింది. వాడి కోసం ఏడ్చి ఏడ్చి మా అమ్మ పోయి ఆరేళ్లు.”

“ఆరేళ్లా?” అని మాత్రం వినిపించింది.

ఫోను అద్దాలాయన చేతిలో పెట్టేసి వెనక్కి తిరిగింది. ఆయన ఫోను మీద అరచెయ్యి మూసి, గోడ దగ్గరి అద్దాన్ని కళ్లతో చూపించాడు. “ఇదుందని చెప్పనా?”

“చెప్పండి. పంపడం మాత్రం కుదరదనండి. కావలసినవాళ్లు వచ్చి తీసుకెళ్లాలి. అమ్మ సమాధి ఎక్కడుందని అడిగితే, అది కూడా మీరే చూపించండి.”

ఆయన అలాగే చెప్పాడు. ఎప్పుడొస్తారని అడిగాడు. అవతల మనిషి ఏడుస్తున్నాడు కనక జవాబు రావడానికి ఆలస్యమైంది. రేపే బయల్దేరతాడట. బండిలోనే వస్తాడట, అద్దం లేకుండానే.

“రానివ్వండి,” అంది ఆమె, ఇటు తిరక్కుండానే.